డ్రమ్ములో జానెడు తక్కువ

1994 జూన్. శనివారం మధ్యాహ్నం 1:40.

తార్నాకలో ఒక ఇంటి వెనక రేకుల షెడ్డు. గోనెసంచి మీద కుక్క పడి ఉంది. నాలుక బయటికి వేలాడుతోంది. పక్కన ఒక మటన్ బొక్క.

"చుక్కీ! లెవ్వే... చుక్కీ!"

సామేలు దాని తల ఒళ్లో పెట్టుకుని ఊపుతున్నాడు. ఉలుకు లేదు. పలుకు లేదు.

2:00కి ఇంటి యజమాని లక్ష్మీనర్సయ్య పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేశాడు. కుక్క కోసం కాదు.

"ఎవడో కూలోడు కుక్క పడిపోయిందని మా ఇంట్ల లొల్లి చేస్తున్నడు. వచ్చి తీస్కపోండి."

ఎస్సై ఫోన్ పెట్టేసి హెడ్ కానిస్టేబుల్ భూదేవి వైపు చూశాడు. "కుక్క కేసు. నువ్వే పో."

భూదేవికి ఇద్దరు పిల్లలు. ఫోన్ మోగితే చాలు, వాళ్లకేమైందో అని ఆమె గుండె జారుతుంది. గ్యాస్ కట్టేసి వచ్చానా లేదా అని సగం దారిలో వెనక్కి తిరిగే మనిషి. స్టేషన్లో అందరూ నవ్వుతారు. నవ్వనీ. ఏదీ కాకముందే భయపడితే మంచిదే కదా అంటుంది.

2:20కి చేరింది.

ఆమె కంట మొదట పడింది కుక్క కాదు. బాత్‌రూమ్ ముందు మూత తీసి ఉన్న నీలం నీళ్ల డ్రమ్ము. ఎవరి పిల్లగాడో తొంగిచూస్తే? తలకిందులుగా పడితే? గబగబా పోయి మూత పెట్టింది. నీళ్లు అంచుకు జానెడు కింద ఉన్నాయి.

లక్ష్మీనర్సయ్య పకపకా నవ్వాడు. తెల్లపంచె, ఇస్త్రీ లాల్చీ, నొసట గీత గీసినట్టు నిలువు నామం.

"కేసు గాడ షెడ్డుల ఉన్నదమ్మా. డ్రమ్ముల కాదు."

షెడ్డులో పశువుల డాక్టర్ నిరోష కుక్కకు సెలైన్ ఎక్కిస్తోంది. యూనివర్సిటీలో జరుగుతున్న కుక్కల పోటీకి డ్యూటీ పడిన డాక్టరే.

"బతుకుతదా డాక్టరమ్మా?"

"నిద్రమాత్రలు. నాలుగైదు పడ్డట్టున్నయి. వాంతి చేసుకుంది కాబట్టి ఆశ ఉంది. పొద్దు గూకేదాక ఏం చెప్పలేను."

భూదేవి సామేలు వైపు తిరిగింది. "నీదేనా?"

"నాదే మేడమ్. జనగామ నుంచి ప్యాసింజర్ల తెచ్చిన. గార్డు డబ్బాల ఎక్కించిన. సికింద్రాబాద్‌ల ఆటోలోళ్లు కుక్కనా అని ఎక్కనీయలే. మెట్టుగూడ మీదికెళ్లి నడుసుకుంట వచ్చినం."

కోళ్లఫారంలో కావలి పని అతనిది. తొమ్మిదేళ్లుగా దినకూలీ. యూనివర్సిటీ గ్రౌండులో ఈ శని, ఆదివారాలు కుక్కల అజిలిటీ పోటీ. హర్డిల్స్ దూకాలి. పలక ఎక్కి దిగాలి. గుడ్డ టన్నెల్‌లో దూరి బయటికి రావాలి. ఎవరి కుక్క తొందరగా ముగిస్తే వాళ్లది గెలుపు. గెలిచిన మనిషికి, కుక్కకు యూనివర్సిటీ సెక్యూరిటీలో పర్మనెంట్ ఉద్యోగం. పోటీ సెక్రటరీ లక్ష్మీనర్సయ్యే. బయటి ఊర్ల వాళ్లకు బస కూడా ఆయన ఇంట్లోనే.

పొద్దున మొదటి రౌండు. చుక్కి 41 సెకన్లు. లక్ష్మీనర్సయ్య కొడుకు సుదర్శన్ పరిగెత్తించిన అల్సేషియన్ మేజర్, 46. మల్కాజ్‌గిరి దయాకర్ డాబర్‌మన్, 48.

రేపు ఫైనల్. రేపటి టైమే లెక్క.

"ఊరకుక్క చేతిల ఓడినమని ఎవరికి మండింది?" అడిగింది భూదేవి.

"అందరికి మేడమ్." సామేలు తల ఎత్తలేదు.

దయాకర్ వరండా మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"బొక్క నీదా?"

"బిర్యాని నాది. పదకొండున్నరకు తిన్న. బొక్కలు కాయితంల చుట్టి గేటు కాడ చెత్తడబ్బాల ఏసిన. గాడికెళ్లి కుక్క తెచ్చుకుంటే నాదేం తప్పు?"

"కట్టేసిన కుక్క గేటు దాక ఎట్ల పోతది?"

"నన్నేం అడుగుతవ్? కుక్కనడుగు."

లక్ష్మీనర్సయ్య అందుకున్నాడు. "శనివారం మా ఇంట్ల నీసు ముట్టం. ఇయ్యాల మటన్ తిన్నోడు దయాకర్ ఒక్కడే. నలుగురు చూసిన్రు. రాసుకోండి."

"ఓ సెక్రటరీ సాబ్! నా కడుపుల పడ్డ బిర్యాని మీద కేసు పెడతవా?" దయాకర్ లేచాడు. ఇద్దరూ కాలర్లు పట్టుకోబోయారు. భూదేవి లాఠీ అడ్డం పెట్టింది.

"మీరు షెడ్డు దిక్కు పోయిన్రా సార్?"

"నేనా? ఆ కంపులకా? ఒంటిగంట నలభైకి వీడు మొత్తుకుంటే అందరితోని పోయిన. బొక్కను అప్పుడే చూసిన."

"స్నానం ఎప్పుడు?"

"శనివారం పూట ఐదుకే పూజ అయితది. ఇదేం ప్రశ్న?"

భూదేవి రాసుకుంది. మళ్లీ షెడ్డుకు వెళ్లింది. నిరోష వాంతి చూపించింది. తెల్లగా ఉంది. మెతుకులు. మాంసం పోగు ఒక్కటి లేదు. బొక్క మీద పంటి గాటు కూడా లేదు.

"సామేలూ, కుక్కకు ఏం పెట్టినవ్?"

"పెరుగన్నం. రాములమ్మ కలిపి గోడ మీద పెట్టింది. పన్నెండుంబావుకు నేనే నా చేతులతోని పెట్టిన." అతను చుక్కి తల నిమిరాడు. "రేపటి వంతులకు చీటీలు ఎత్తుతున్నరంటే గ్రౌండుకు పోయిన. ఇంకొకరు పెడితే అది తినదు మేడమ్. నేను పెట్టిన గనుకనే తిన్నది."

పనిమనిషి రాములమ్మ చెంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. "గోడ మీద పది నిమిషాలున్నది పల్లెం. ఎవరు ఏం కలిపిన్రో నేను చూడలే. నా మీదికి తెస్తరేమో బిడ్డా!"

"ఏడ్వకవ్వా. ఒక్కటి చెప్పు. డ్రమ్ము ఎప్పుడు నింపినవ్?"

"పొద్దుగాల ఆరున్నరకు. అందరి స్నానాలైనంక, నల్ల బందయ్యేముందు. అంచుదాక నింపిన. నల్ల నీళ్లు దినం తప్పి దినం. ఇవి రేపటి స్నానాలకని, పొద్దుగాల్లదాక ముట్టొద్దని అమ్మ ఆర్డరు. వంటకు బిందెలు వేరే."

"మరి జానెడు తగ్గింది."

రాములమ్మ ఏడుపు ఆగింది. "నేను చెంబెడు కూడ ముంచలే! రెండు బకెట్ల నీళ్లు గవి!"

భూదేవి బాత్‌రూమ్‌లోకి తొంగిచూసింది. తర్వాత వంటింటి గుమ్మం దగ్గర లక్ష్మీనర్సయ్య భార్య మహేశ్వరితో రెండు నిమిషాలు మాట్లాడింది.

సాయంత్రం 5:00. అందరూ వరండాలో.

"ఆ కూలోని పంచాయితి ఇంకా తెగలేదా?" అన్నాడు లక్ష్మీనర్సయ్య.

"తెగింది సార్. కుక్క తిన్నది బొక్క కాదు, పెరుగన్నం. మాత్రలు అండ్లనే కలిసినయ్. పల్లెం సంగతి ఎవరికీ యాదికి రావొద్దని బొక్క తెచ్చి పక్కన పెట్టిన్రు. దయాకర్ మీదికి పోతదని."

"ఎవరు?"

"పొద్దున మూడు గంటలు ఎండల నిలబడ్డరు మీరు. చెమటకు అందరి మొఖాలు కరిగిపోయినయ్. మీ నామం మాత్రం ఇప్పుడే పెట్టినట్టున్నది."

లక్ష్మీనర్సయ్య చేయి నొసటి దాకా పోయి ఆగింది.

"ఇంట్ల బొట్టు నీళ్లకు కరువు. రెండు బకెట్ల తలస్నానం ఎవరు చేసిన్రు? ఎందుకు చేసిన్రు? శనివారం నీసు ముట్టుకున్నోళ్లు అట్లనే వంటింట్లకు పోలేరు గదా."

"అమ్మా," భూదేవి మహేశ్వరి వైపు తిరిగింది. "నాకు చెప్పింది ఇక్కడ చెప్పుండ్రి."

మహేశ్వరి మొగుణ్ని చూడలేదు. నేలను చూస్తూ అంది. "ఒంటిగంటకు అన్నానికి పిలిచిన. ఎంగిలి బొక్క తగిలింది, పోసుకుని వస్తా అన్నడు."

"ఒంటిగంటకు! మీరేమో బొక్కను మొదటిసారి చూసింది ఒంటిగంట నలభైకి అన్నరు."

"కాలికి తగిలి ఉంటది! గేటు కాడ..."

భూదేవి ప్లాస్టిక్ బకెట్ ముందుకు జరిపింది. అందులో నానేసిన చొక్కా. మైల పడిందని బట్టలు కూడా తడిపాడు. జేబులో చెయ్యి పెట్టడం మరిచాడు. ఆమె రెండు వేళ్లతో తీసింది. నిద్రమాత్రల స్ట్రిప్. ఐదు గుంతలూ ఖాళీ.

సుదర్శన్ తండ్రి వైపు చూశాడు. "నేను రేపు గెలుస్తుంటి గదా నాయినా." ఒక అడుగు వెనక్కి వేశాడు. "మేజర్‌ను రేపు దింపను."

"నోర్ముయ్! నీ కొరకే చేసిన. ఊరకుక్కతోని వచ్చినోడు నీ కుర్చీల కూసుంటడా?"

"కేసు డ్రమ్ములనే ఉన్నది సార్," అంది భూదేవి. "మూగజీవికి మందు కలిపి చేతులు కడుక్కుని ఊకున్నరు. బొక్క ముట్టుకున్నందుకు మాత్రం తలమీదికెళ్లి పోసుకున్నరు. నడువుండ్రి, స్టేషన్‌కు."

ఆదివారం ఉదయం 10:20. యూనివర్సిటీ గ్రౌండు.

కమిటీ చుక్కి వంతును ఆఖరుకు మార్చింది. అది రాత్రి ఎనిమిదికి లేచింది. పొద్దున గంజి తాగింది. నిరోష గుండె చూసి తల ఊపింది, అయిష్టంగానే.

దయాకర్ డాబర్‌మన్ టైము 47 సెకన్లు. మేజర్ రాలేదు.

"మత్తు కుక్కను తెచ్చిండు. నడిమిట్ల పంటది చూడు," అన్నాడు దయాకర్ గట్టిగా. చుట్టూ నవ్వులు.

డ్యూటీ లేకపోయినా భూదేవి వచ్చింది. తాడు దగ్గర నిలబడింది. వద్దు, పరిగెత్తనీయొద్దు, సచ్చిపోతది అని లోపల ఒకటే గోల.

విజిల్.

మొదటి హర్డిల్ దూకింది. రెండోది. పలక మీద కాళ్లు తడబడ్డాయి. "ఆగకే బిడ్డా," అంటూ సామేలు పక్కనే ఉరుకుతున్నాడు. టన్నెల్.

చుక్కి లోపలికి పోయింది.

ఒక సెకను. రెండు. గుడ్డ కదలడం లేదు. సామేలు ఆ చివర మోకాళ్ల మీద కూలబడ్డాడు. మూడు. లోపలే పడిపోయింది. పడిపోయే ఉంటది. నాలుగు. భూదేవి తాడు దాటి ఒక అడుగు వేసేసింది.

గుడ్డ చివర నల్లటి ముక్కు కనబడింది.

ఆఖరి హర్డిల్. గీత.

టైమ్‌కీపర్ స్టాప్‌వాచ్‌ను రెండుసార్లు చూసుకున్నాడు.

"నలభై ఆరు."

దయాకర్ నేల మీద ఉమ్మేసి, తన కుక్క గొలుసు లాక్కుంటూ వెళ్లిపోయాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సామేలు కూడా ఎవరి వైపూ చూడలేదు. చుక్కి పక్కన కూర్చుని, దాని పొట్ట మీద చెయ్యి వేసి, ఊపిరి లెక్కబెడుతున్నాడు.

భూదేవి పోయి అవతలి పక్క కూర్చుంది. తనూ లెక్కబెట్టింది.