సంతకం పెట్టని టీచరమ్మ

"ఆయన పేరు మీదైతే నేను సంతకం పెట్టను."

ఓస్మార్ చాచిన పెన్ను చాచినట్టే ఉండిపోయింది. పది రోజులుగా లుకే ఊరంతా తిరిగి ఏడెనిమిది వందల మందిని అడిగాడు. కొందరు తర్వాత చూద్దామన్నారు. ఒకాయన కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానన్నాడు. ఇలా మొహం మీద చెప్పిన వాళ్ళు మాత్రం లేరు.

"ఎందుకండీ?"

"క్రిస్పీన్ ఓవెలార్ మళ్ళీ జాతీయ జట్టుకి కోచ్ కాకూడదు. అందుకు."

జునిల్డా పిన్ని మూలికల కొట్టు ముందు మాటలు టక్కున ఆగిపోయాయి. రోట్లో పుదీనా దంచుతున్న పిన్ని చెయ్యి కూడా ఆగింది. తెరెరే అనే చల్లటి పానీయంలో వేసుకునే ఆకుల కోసం పొద్దున్నే ఫ్లాస్కులు పట్టుకుని అక్కడ చేరే జనానికి ఆ రోజుల్లో వేరే ఊసే లేదు. పరాగ్వే జట్టు పాత కోచ్ రాజీనామా చేసి మూడు వారాలైంది. తర్వాత ఎవరు? సగం మంది అర్జెంటీనా నుంచి పెద్ద పేరున్నవాణ్ణి తేవాలంటారు. మిగతా సగం మనవాడే కావాలంటారు. మనవాడంటే క్రిస్పీన్ గారే. తొమ్మిదేళ్ళ కిందట ఒకసారి కోచ్‌గా ఉండి, వరల్డ్ కప్‌కి వెళ్ళడానికి గెలిచి తీరాల్సిన ఆఖరి మ్యాచ్ ఓడిపోయి, ఆ తర్వాత ఎవరికీ కనపడకుండా పోయిన మనిషి.

ఓస్మార్ వచ్చినామె వైపు చూశాడు. ఇరవై ఆరేళ్ళుంటాయేమో. తల తడి ఇంకా ఆరలేదు. భుజానికి సంచీ, అందులోంచి తొంగిచూస్తున్న పరీక్ష పేపర్లు.

"అసలు మీకు ఫుట్‌బాల్ తెలుసా?" అనేసి, నాలిక కరుచుకున్నాడు.

ఆమె ఫ్లాస్కు బల్ల మీద పెట్టింది.

"డెబ్బై అయిదో నిమిషం దాకా ఒక్క ఆటగాణ్ణీ మార్చడు. డిఫెన్స్‌లో ఎడమ పక్క గేటు తీసిపెట్టినట్టు వదిలేస్తాడు. కుర్రాళ్ళు అలిసిపోయారు మొర్రో అన్నా వినడు. ఇంకా చెప్పనా?"

చీపా రొట్టెల బుట్టతో నిలబడ్డ రూబెన్ పకపకా నవ్వాడు. "ఓస్మార్, వదిలెయ్‌రా. నీకు గోల్ పడిపోయింది."

ఆమె ఆకులు తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా ఓస్మార్ చూస్తూ నిలబడ్డాడు.

"ఎవరు పిన్నీ ఆవిడ?"

"నిమియా. ఈ ఏడే మన బడికి లెక్కల టీచరుగా వచ్చింది. రోజూ ఆరెగ్వా నుంచి బస్సులో వస్తుంది. నిమ్మగడ్డి కాస్త ఎక్కువెయ్యమంటుంది. ఇంతకంటే నాకు తెలీదు. నువ్వు తెలుసుకుని నాకూ చెప్పు."

ఓస్మార్ ఏసీలు రిపేరు చేస్తాడు. పరాగ్వేలో నవంబరంటే మండే ఎండలు, ఏసీ మెకానిక్కి ఊపిరి సలపదు. అయినా మర్నాటి నుంచి అరగంట ముందే కొట్టు దగ్గర ప్రత్యక్షమయ్యాడు.

"ఈ రోజైనా సంతకం పెడతారా, టీచరమ్మా?"

"ఈ రోజైనా నా తరఫున ఒక కారణం వింటారా, మెకానిక్ గారూ?"

అలా మొదలై, బడి గంట కొట్టేదాకా సాగేది. ఆమెకి పాత మ్యాచ్‌లన్నీ కంఠతా వచ్చు. ఏ నిమిషంలో ఎవరు ఎవరికి పాస్ ఇచ్చారో చెప్పేది. ఓస్మార్ ఇంటికెళ్ళి ఆ మ్యాచ్‌లు ఫోన్లో వెతుక్కుని చూసి, మర్నాడు కొత్త వాదనతో వచ్చేవాడు. అడిగింది ఆమెకి నచ్చితే ఒక్క క్షణం తల పక్కకి వంచి చూసేది. ఆ ఒక్క క్షణం కోసమే అతను సగం రాత్రి మేలుకుంటున్నాడని ఆమెకి తెలీదు.

ఒక గురువారం పొద్దున ఉన్నట్టుండి వాన దంచేసింది. జనం బస్టాపులోకి పరిగెత్తారు. కొట్టు మీది నీలం పట్టా కింద పిన్ని, వాళ్ళిద్దరూ మిగిలారు. నిమియా బల్ల మీద పుదీనా ఆకులు పదకొండు పేర్చింది. ఎదురుగా నిమ్మగడ్డి ముక్కలు పదకొండు.

"పుదీనా మనవాళ్ళు. ఇదిగో, ఎడమ పక్క. ఇక్కణ్ణుంచి వచ్చేస్తారు, చూడండి."

"నేను వీణ్ణి వెనక్కి లాగుతాను."

"లాగితే మధ్యలో ఎవరుంటారు?"

ఇద్దరి వేళ్ళూ ఒకే ఆకు మీద పడ్డాయి. ఎవరూ తియ్యలేదు. పట్టా మీద వాన మాత్రం ఆగకుండా మాట్లాడుతోంది.

"నా సరుకంతా మైదానంలోకి దింపేశారు. ఇక నేను అమ్మేదేమిటి?" అంది పిన్ని.

నిమియా నవ్వి, చెయ్యి వెనక్కి తీసుకుని, తన ఫ్లాస్కులోంచి కొమ్ము గ్లాసులోకి చల్లటి తెరెరే వంచి అతనికిచ్చింది. థాంక్స్ అంటే ఇక చాలని లెక్క. ఓస్మార్ ఆ పొద్దున తొమ్మిది గ్లాసులు తాగాడు. థాంక్స్ మాత్రం అనలేదు.

"నిజంగా ఆ అర్జెంటీనావాడే రావాలా?" అని అడిగాడు.

"రావాలి. ఓడిపోతే విమానమెక్కి వాళ్ళింటికి పోతాడు." ఆమె వాన వైపు చూస్తూ అంది. "మనవాడైతే ఎక్కడికి పోతాడు?"

జోక్ అనుకుని ఓస్మార్ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఆ శనివారం ఆరెగ్వాలో ఒక ఇంటికి వెళ్ళమని షాపు యజమాని చిరునామా ఇచ్చాడు. సరస్సు వైపు దిగే వీధిలో చిన్న ఇల్లు. తలుపు తీసిన మనిషి పొడుగ్గా, సన్నగా ఉన్నాడు, చెప్పులు ఈడ్చుకుంటూ నడిచాడు. ఓస్మార్ స్టూలెక్కి ఏసీ మూత విప్పి, "ఎన్నాళ్ళ నుంచి చల్లగా రావట్లేదండీ?" అని కిందికి చూశాడు. వెలుతురులో ఆ మొహం సరిగ్గా కనపడింది. చేతిలోని స్క్రూడ్రైవర్ జారి కింద పడింది.

"మీరు... క్రిస్పీన్ గారు కదూ?"

"అవును బాబూ. ముందు కిందికి దిగు, పడతావు."

ఓస్మార్ దిగడమేమిటి, పరుగున బైకు దగ్గరికెళ్ళి కాగితాల కట్ట తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. అప్పటికి పదకొండు వందల సంతకాలు. క్రిస్పీన్ గారు కుర్చీలో కూర్చుని ఒక్కో పేరు మీదా వేలు పెట్టి చదవసాగారు.

"రూబెన్ అకోస్టా, చీపా వ్యాపారం. ఈయన నిజంగానే పెట్టాడా?"

"పెట్టడమే కాదండీ, వాళ్ళావిడ చేత, ముగ్గురు బావమరుదుల చేత పెట్టించాడు."

ఆయన పెదాలు కదిలాయి. నవ్వో ఏమో. అంతలో వీధి తలుపు చప్పుడైంది.

"నాన్నా, టమాటాలు..."

కూరల సంచీతో నిమియా గుమ్మంలో నిలబడిపోయింది. ఓస్మార్‌ని చూసింది, నాన్న ఒళ్ళోని కాగితాలు చూసింది. సంచీ కింద పెట్టి, "ఒకసారి పెరట్లోకి రండి," అంది.

పెరట్లో మామిడి చెట్టు కింద ఆమె గొంతు పెరగలేదు. దానికే అతనికి ఎక్కువ భయమేసింది.

"ఇంటిదాకా తెచ్చారన్నమాట."

"మీ నాన్నగారని నాకు తెలీదు, నిమియా. ఒట్టు."

"ఆ మ్యాచ్ ఓడిన రోజు రాజధానిలో మా ఇంటి మీద రాళ్ళు పడ్డాయి. గోడ మీద ఏం రాశారో అమ్మ మమ్మల్ని చదవనివ్వలేదు. నాన్న ఏడాది పాటు గడప దాటలేదు. ఇక్కడికొచ్చాక కూడా ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చోడు. వీధిలో పక్కవాళ్ళతో ఒక్క గ్లాసు తెరెరే తాగలేదు తొమ్మిదేళ్ళుగా. ఇప్పుడు మీరంతా మళ్ళీ రమ్మంటారు. మళ్ళీ ఓడిపోతే? అప్పుడు ఈ పదకొండు వందల మంది ఎక్కడుంటారు?"

అబద్ధం చెప్పడం తేలిక. ఆమె కళ్ళలోకి చూస్తూ మాత్రం ఓస్మార్‌కి అది కుదరలేదు.

"నేను ఆ రోజు స్టేడియంలోనే ఉన్నాను. పంతొమ్మిదేళ్ళు నాకు. అందరితో పాటు నేనూ అరిచాను. 'ఇంటికి పో క్రిస్పీన్' అని. గొంతు పోయేదాకా అరిచాను."

ఆమె అతని వైపు చాలాసేపు చూసింది. "వెళ్ళండి," అంది చివరికి. "ఏసీ సంగతి మీ షాపువాళ్ళు ఇంకెవర్నైనా పంపిస్తారు."

ఆ తర్వాతి వారమంతా ఆమె కొట్టు వైపు రాలేదు. బస్సు దిగి, అవతలి పక్క నుంచే బడికి వెళ్ళిపోయేది. పిన్ని నిమ్మగడ్డి విడిగా తీసిపెట్టేది, సాయంత్రానికి అది వాడిపోయేది. ఓస్మార్ కాగితాల కట్ట విప్పలేదు. "ఏరా, ఎప్పుడిస్తున్నావు ఫుట్‌బాల్ సంఘం వాళ్ళకి?" అని రూబెన్ అడిగితే, "ఇవ్వట్లేదు," అన్నాడు. ఎందుకో చెప్పలేదు.

ఆదివారం పొద్దున బైకు తీసి ఆరెగ్వా వెళ్ళాడు. తలుపు క్రిస్పీన్ గారే తీశారు. ఓస్మార్ గుమ్మంలోనే నిలబడి, నీళ్ళు నమలకుండా, పెరట్లో నిమియాకి చెప్పిందంతా ఆయనకీ చెప్పేశాడు.

క్రిస్పీన్ గారు చెవి గోక్కున్నారు.

"ముప్పై అయిదు వేల మంది అరిచారు బాబూ. ఒక్కొక్కరూ వచ్చి ఇలా చెప్తే నాకు భోజనానికి టైం దొరకదు. లోపలికి రా."

"ఈ కాగితాలు మీ దగ్గరే పెట్టుకోండి. మీకు ఇష్టం లేకుండా నేను ఎవరికీ ఇవ్వను."

"ఇష్టమా? నాకు ఇష్టమో కాదో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నువ్వూ అడగలేదు. నా కూతురూ అడగలేదు." ఆయన వంటింటి వైపు కాస్త గొంతు పెంచి అన్నారు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"మరి... ఇష్టమేనా అండీ?"

"పొద్దున లేవగానే కావాలనిపిస్తుంది. అన్నం తిన్నాక వద్దనిపిస్తుంది." ఆయన నవ్వారు. "కాగితాలు ఇలా ఇవ్వు. పదవి సంగతి ఎలా ఉన్నా, ఇంకోసారి చదువుకుంటాను."

ఓస్మార్ బైకెక్కుతుంటే నిమియా గేటు దాకా వచ్చింది. చేతులకి పిండి.

"నాన్నకి చెప్తారనుకోలేదు."

"నేనూ అనుకోలేదు. దార్లో రెండుసార్లు వెనక్కి తిప్పాను బండి."

ఆమె పెదవి చివర ఏదో కదిలింది. "జాగ్రత్తగా వెళ్ళు," అంది. మీరు కాస్తా నువ్వు అయిందని లుకే చేరాక గానీ అతనికి తట్టలేదు. తట్టాక మాత్రం బండి ఆపి, రోడ్డు పక్కన ఒక్కడే నవ్వుకున్నాడు.

తర్వాతి శనివారం పొద్దున తొమ్మిదింటికి కొత్త కోచ్ పేరు ప్రకటిస్తారన్నారు. పిన్ని కొట్టు ముందు తిరునాళ్ళలా జనం. రేడియో గొంతు పెంచారు. పేరు వచ్చింది. అర్జెంటీనావాడు కాదు, క్రిస్పీన్ గారూ కాదు. ఉరుగ్వే నుంచి ఎవరో.

"ఎవరట?"

"ఎవడ్రా వీడు?"

"నెల రోజులుగా నా కొట్టు ముందు కొట్టుకు చచ్చారు కదరా," అంది జునిల్డా పిన్ని, రోకలి ఊపుతూ. "మీలో ఒక్కడైనా ఈ పేరు ఎత్తాడా?"

ముందు ఎవరో ఒకరు నవ్వారు. తర్వాత అందరూ. గంట తర్వాత, ఇంకా అదే చెప్పుకుని నవ్వుతుండగా ఆరెగ్వా బస్సు వచ్చి ఆగింది. నిమియా దిగింది. ఆమె వెనక, కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతూ, క్రిస్పీన్ గారు. చంకలో కాగితాల కట్ట.

గుంపు చప్పబడిపోయింది. ఆయన రోడ్డు దాటి వచ్చి, అందర్నీ ఒకసారి చూశారు.

"ఇక్కడ రూబెన్ అకోస్టా ఎవరు?"

"నే... నేనేనండీ," అన్నాడు రూబెన్, బుట్ట దించుతూ.

"చెయ్యి ఇవ్వు. ముగ్గురు బావమరుదులు ఏరీ?"

అంతే. ఎవరో స్టూలు వేశారు, ఎవరో గ్లాసు నింపారు. అయిదు నిమిషాల్లో ఉరుగ్వే ఆయన ఎలా ఆడిస్తాడన్న దాని మీద మళ్ళీ రణరంగం. ఆ మధ్యలో క్రిస్పీన్ గారు తెరెరే తాగుతూ, చేత్తో గాల్లో గీతలు గీస్తూ.

నిమియా గోడకానుకుని నిలబడింది. ఓస్మార్ వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"పదవి రాలేదని బాధపడ్డారా?"

"రేడియో కట్టేసి, బస్సు ఎన్నింటికని అడిగాడు. దార్లో అడిగాను, కావాలనిపించిందా నాన్నా అని. అరగంట చెప్పాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి అడిగుంటే బావుండేది." ఆమె నేల వైపు చూసింది. "నీకొకటి చెప్పాలి. ఆ రోజు నేను కూడా స్టేడియంలో ఉన్నాను. డెబ్బై అయిదో నిమిషం దాకా ఎవర్నీ మార్చలేదు. ఒళ్ళు మండిపోయింది. చుట్టూ అందరూ గోల చేస్తున్నారు. నేనూ ఈల వేశాను. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, మా నాన్న మీద. నిన్ను ఇంట్లోంచి పొమ్మన్నది అందుకే. నిన్ను చూస్తుంటే నన్ను చూసుకున్నట్టు ఉండింది."

ఓస్మార్ క్రిస్పీన్ గారి వైపు చూశాడు.

"ఆయనకి చెప్పావా?"

"లేదు. భయం."

"నాకూ వేసింది. చెప్పాక భోజనం గురించి మాట్లాడారాయన."

ఆమె కళ్ళు తుడుచుకుని నవ్వింది. తర్వాత నడుచుకుంటూ వెళ్ళి, స్టూలు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నాన్న చెవిలో ఏదో చెప్పింది. క్రిస్పీన్ గారు గ్లాసు పక్కన పెట్టారు.

"తెలుసమ్మా."

"తెలుసా?"

"నీకు ఈల వెయ్యడం నేర్పిందెవరు? అన్ని వేల మందిలో అదొక్కటే శుభ్రంగా వినపడింది."

"మరి ఇన్నేళ్ళు ఒక్క మాటైనా అనలేదే!"

"ఏమనను? నువ్వే కరెక్టు. అరవయ్యో నిమిషంలో మార్చాల్సింది."

ఆమె ఆయన భుజంలో మొహం దాచుకుంది. పుదీనా దంచడం మానేసి చూస్తున్న పిన్ని ఏప్రన్ అంచుతో ముక్కు తుడుచుకుంది. కాసేపటికి క్రిస్పీన్ గారు తలెత్తి, గోడ దగ్గర ఎటు చూడాలో తెలియక నిలబడ్డ ఓస్మార్‌ని చూశారు.

"ఏం బాబూ, రేపు మధ్యాహ్నం భోజనానికి రా. మాంసం కాలుస్తున్నాం. ఇంట్లోంచి వెళ్ళగొట్టినా మళ్ళీ వచ్చి తలుపు కొట్టినవాణ్ణి మా ఆవిడ చూడాలంటోంది."

ఆయన మళ్ళీ వాదనలో పడ్డారు. నిమియా తిరిగి వచ్చి ఓస్మార్ పక్కన నిలబడింది, ఇందాకటి కంటే దగ్గరగా.

"వస్తావా?"

"పిలిచింది మీ నాన్నగారు కదా," అన్నాడు ఓస్మార్. "నువ్వు పిలవలేదు."

"నాన్న మధ్యాహ్నానికి పిలిచాడు." ఆమె అతని చెయ్యి పట్టుకుంది, అందరూ చూస్తుండగానే. "నేను పొద్దున్నే రమ్మంటున్నాను."