రెండు ముళ్ళూ కలిశాయి

దిగాల్సిన విమానం దిగలేదు, పడింది. పైలట్ వేగం తగ్గించడానికి థ్రాటిల్ పిడి వెనక్కి లాగగానే ఇంజన్ నెమ్మదించడానికి బదులు ఒక పక్క గర్జించిందనీ, విమానం మొత్తం ఊగిపోయి రన్‌వే అంచున తలకిందులైందనీ చూసినవాళ్ళు చెప్పారు. పత్రికలు ప్రమాదమని రాశాయి. విమానం నడుపుతూ చనిపోయినవాడు తమ రహస్యాలు మోసే కొరియర్ కాబట్టి, గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్ మాత్రం దాన్ని హత్య అన్నాడు.

చీఫ్‌ని అందరూ పెదనాన్న అనేవారు, ఎదురుగా తప్ప. ఆయన పిలిపించిన ఏజెంటుకి జిడ్డు అని పేరు. ఒకసారి పట్టుకుంటే వదలడని ఆ పేరు పెట్టారు. పెళ్ళాం కూడా అదే మాట అంటుంది గానీ, ఆవిడ కారణాలు వేరు.

"సాక్షి ఎవరో తెలుసా?" అన్నాడు పెదనాన్న.

"తెలుసు సార్. మా తోడల్లుడు."

"కొరియర్‌ని చంపించిన ముఠా నాయకుడి మొహం చూసి బతికున్నవాడు అతనొక్కడే. రేపు మధ్యాహ్నానికి కోర్టులో ఉండాలి. రోడ్లు, స్టేషన్లు, రేవు, అన్నిచోట్లా వాళ్ళ కళ్ళున్నాయి. ఫ్లయింగ్ క్లబ్ విమానంలో పంపిస్తున్నాం. నువ్వు అక్కడ మెకానిక్‌వి. ఆ ఇంజన్ మీద ఈగ వాలినా నాకు తెలియాలి."

తోడల్లుడు ఒక విదేశీ షిప్పింగ్ కంపెనీలో దుబాసీగా చేరి, తను అనువదిస్తున్నది సరుకుల బేరం కాదనీ, రక్షణశాఖ రహస్యాల బేరమనీ ఆలస్యంగా తెలుసుకున్న అమాయకుడు. సాక్ష్యం చెప్పమని అతన్ని ఒప్పించింది జిడ్డే. ఆ రోజు నుంచీ అతను అజ్ఞాతంలోనే ఉన్నాడు. ఈలోగా, మొన్ననే, కూతురు పుట్టింది. ఇంకా బిడ్డ మొహం చూడలేదు. జిడ్డు బయల్దేరుతుంటే భార్య గుమ్మంలో నిలబడి ఒక్కటే మాట చెప్పింది. "ఆయన్ని ఈ ఉచ్చులోకి దింపింది మీరు. నా చెల్లెలికి తిరిగి అప్పజెప్పాల్సిందీ మీరే." జిడ్డుకి పెదనాన్న ఆజ్ఞ కన్నా ఆ మాటే బరువనిపించింది.

హ్యాంగర్‌లో జిడ్డు పేరుకు తగ్గట్టే తయారయ్యాడు. నూనె మరకల ఓవరాల్, మాసిన టోపీ, అతికించిన మీసం. చేతిలో రెండు గేజిలున్న పెట్టె. దాని అడుగున డిపార్ట్‌మెంట్ వాళ్ళు అమర్చిన ట్రాన్స్‌మిటర్.

ఆ ఇంజన్‌కి గాలీ పెట్రోలూ కలిపి అందించే కార్బురేటర్లు రెండు, కుడికొకటి, ఎడమకొకటి. థ్రాటిల్ నుంచి ఒక్కోదానికి ఒక్కో కేబుల్. థ్రాటిల్ వెనక్కి లాగితే కేబుల్ బిగిసి కార్బురేటర్ మూసుకుంటుంది, కేబుల్ తెగితే స్ప్రింగు దాన్ని బార్లా తెరిచేస్తుంది. గాల్లో ఉన్నప్పుడు ఇంజన్ ఆగిపోకుండా చేసిన ఏర్పాటది. కానీ దిగేటప్పుడు ఒక పక్క కేబుల్ తెగితే, ఆ పక్క పూర్తి బలంతో పరిగెత్తుతుంది, రెండో పక్క నిద్రపోతుంది. కొరియర్ చావుకి అదే కారణమని జిడ్డుకి అర్థమైంది.

మామూలు రోజుల్లో కూడా రెండూ సమానంగా గాలి పీల్చాలి. లేకపోతే ఇంజన్ రెండు కాళ్ళకీ రెండు రకాల చెప్పులేసుకుని నడిచినట్టు వణుకుతుంది. రెండింటికీ గొట్టాలు తగిలించి, గేజి ముళ్ళు రెండూ ఒకేచోట నిలిచేదాకా కేబుల్ స్క్రూలు తిప్పడమే బ్యాలెన్సింగ్. జిడ్డు దానికి ట్రైనింగ్ తీసుకున్నాడు గానీ చెయ్యి తిరగలేదు. ఎంత తిప్పినా కుడి ముల్లు వెంట్రుకవాసి వెనకబడేది. హెడ్ మెకానిక్ చెవులు సరిగ్గా వినబడని ముసలాయన. ఎగిరితే చాలు వదిలెయ్యమన్నాడు. జిడ్డు అలాగే వదిలేసి, సాయంత్రం హ్యాంగర్‌కి తాళం వేశాడు. తాళంచెవులు ముగ్గురి దగ్గరే ఉన్నాయి: తన దగ్గర, ముసలాయన దగ్గర, పైలట్ దగ్గర.

పైలట్‌ని అక్కడ అందరూ మేడం అంటారు. పట్టు స్కార్ఫు, నల్ల కళ్ళద్దాలు, నవ్వితే అవతలివాడు తన పని మర్చిపోవాల్సిందే. ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంట్‌కి రహస్యాలు చేరవేసే డబుల్ ఏజెంట్. ఆవిడ మీద పెదనాన్నకి ఎంత నమ్మకమంటే, పేరెత్తినప్పుడల్లా టై సర్దుకునేవాడు.

తెల్లవారింది. పొగమంచు రన్‌వేని సగం మింగి కూర్చుంది. తోడల్లుడు పెట్టుడు గడ్డంతో, శిక్షణకి వచ్చిన కుర్రాడి వేషంలో దిగాడు. గడ్డం ఒక పక్క ఊడుతోంది. జిడ్డు ఆఖరి చెక్ కోసం గేజిలు తగిలించి ఇంజన్ స్టార్ట్ చేశాడు.

రెండు ముళ్ళూ ఒక్కచోట నిలబడ్డాయి.

తన చేతికి పనితనం వచ్చేసిందని క్షణం సేపు మురిసిపోయాడు. తర్వాత మళ్ళీ ముళ్ళకేసి చూశాడు. సాయంత్రం వెనకబడిన ముల్లు తనంతట తాను ముందుకు రాదు. ఎవరో ముట్టుకున్నారు. ఆకురాయితో కేబుల్ పోగులు కోస్తే అది కొంచెం సాగి బ్యాలెన్స్ చెడుతుంది. దాన్ని కప్పిపుచ్చడానికి మళ్ళీ స్క్రూ తిప్పాల్సిందే. అతని తప్పుని అతని తప్పులాగే వదిలేసి ఉంటే ఈ జన్మకి అనుమానం వచ్చేది కాదు. కానీ ఆ చేతులు వెంట్రుకవాసి తేడా కూడా సహించలేకపోయాయి.

ఎవరివా చేతులు? కేబుళ్ళు పైకి నిక్షేపంగా ఉన్నాయి. కోత తొడుగు లోపల ఉంటే విప్పితే గానీ కనబడదు. ఈలోగా మేడం వచ్చి, ముఠావాళ్ళకి తను ఇక్కడే కనబడాలనీ, లేకపోతే గుట్టు బయటపడుతుందనీ, ఫ్లయింగ్ లైసెన్సు ఉంది కాబట్టి జిడ్డే నడపాలనీ చెప్పింది. ట్రాన్స్‌మిటర్‌లో పెదనాన్న సరేనన్నాడు. తమ మనిషేనన్న రుజువు కోసం జిడ్డు ఆవిడని డిపార్ట్‌మెంట్ కోడ్ అడిగాడు.

"గాలి ఎటు?"

"ఇంటి వైపు," అంది ఆవిడ, తడుముకోకుండా.

కోడ్ సరిపోయింది. జిడ్డు బానెట్ మీదికి వంగి, ఎడమ స్క్రూ రవ్వంత తిప్పాడు. ఇంజన్ సన్నగా వణికింది. ముసలాయన ముళ్ళకేసి చూసి, పర్లేదన్నట్టు తలూపి టీ తాగుతూనే ఉన్నాడు. అల్లంత దూరం వెళ్ళి తోడల్లుడితో నవ్వుతూ మాట్లాడుతున్న మేడం మాత్రం చటుక్కున ఆగిపోయింది. మొహం చిట్లించింది. ఆవిడ కుడిచెయ్యి ఆవిడ అనుమతి లేకుండానే లేచి, గాల్లో ఒక స్క్రూని వెనక్కి తిప్పింది.

ఇద్దరి చూపులూ కలిశాయి. ఆ నవ్వు ఇక తిరిగి రాలేదు.

స్కార్ఫు కింద నుంచి పిస్టల్ బయటికొచ్చి తోడల్లుడి వీపుని తాకింది. ఆవిడ చాలా నెమ్మదిగా మాట్లాడింది. "ఎక్కండి ఇద్దరూ. ఎగిరితే ఇంకో అరగంట బతుకుతారు. లేదంటే ఇక్కడే."

ఎక్కారు. ఆవిడ ఎడమ రెక్క వెనక నిలబడి, తోడల్లుడి తలకి గురిపెట్టింది. ఇంజన్ ఆపితే కాలుస్తుంది. ఎగిరితే దిగే దారి లేదు. తోడల్లుడు కళ్ళు మూసుకుని పాపాయి ఎలా ఉంటుందని అడిగాడు. జిడ్డు థ్రాటిల్ మీద చెయ్యేశాడు.

"నువ్వే చూసి చెబుదువు గానీ. గట్టిగా పట్టుకో తమ్ముడూ."

థ్రాటిల్ ముందుకి తోశాడు. విమానం కదిలింది. మరుక్షణం బలమంతా పెట్టి వెనక్కి లాగాడు. లోపలెక్కడో మిగిలిన పోగులు టప్పుమని తెగాయి. ఎడమ పక్క గర్జించింది. విమానం పూనకం వచ్చినట్టు ఊగింది. జిడ్డు కుడి బ్రేకుని ఒక్క తొక్కు తొక్కాడు. ముక్కు కుడికి తిరిగింది, తోక ఎడమకి కొరడాలా విసురుకొచ్చింది. మేడం కాల్చిన గుండు తోడల్లుడి పెట్టుడు గడ్డం పక్కగా కిటికీ అద్దాన్ని పగలగొట్టింది. తోక దెబ్బకి పిస్టల్ ఒక దిక్కున, మేడం ఒక దిక్కున పడ్డారు. ముందు కంచె రెండు బారల దూరంలో ఉండగా జిడ్డు ఇగ్నిషన్ కట్ చేశాడు.

ముసలాయన టీ గ్లాసు కింద పెట్టి, పిస్టల్ మీద కాలేసి నిలబడ్డాడు.

సాక్షి మధ్యాహ్నానికి చేరాలి. ముసలాయన కొత్త కేబుల్ వేస్తే, జిడ్డు మళ్ళీ గేజిలు తగిలించాడు. కుడి ముల్లు మళ్ళీ వెనకబడింది. ఆయిల్ డ్రమ్ము మీద బేడీలతో కూర్చున్న మేడం కాసేపు ఓర్చుకుని, ఇక ఉండబట్టలేక నోరు విప్పింది.

"కుడి స్క్రూ ఇంకొంచెం బిగించు."

బిగించాడు. ముళ్ళు కలిశాయి. అంతా అంత పకడ్బందీగా చేసి, ఆ ముల్లు దగ్గర ఎందుకు దొరికిపోయారని అడిగాడు.

"వణికే ఇంజన్‌ని అలా వదిలేసి వెళ్ళడానికి మనసెలా ఒప్పుతుంది?" అంది ఆవిడ. అది అబద్ధం కాదని మొహంలోనే తెలుస్తోంది. జిడ్డు మర్యాదగా థాంక్స్ చెప్పి, స్క్రూని మళ్ళీ వెనక్కి తిప్పేశాడు.

మధ్యాహ్నం కోర్టులో తోడల్లుడు ముఠా నాయకుణ్ణి వేలెత్తి చూపించాడు. సాయంత్రానికి ముఠా అంతా లోపలుంది. తోడల్లుడు ఆస్పత్రి గదిలో కూతుర్ని ఎత్తుకుని ఏడుస్తుంటే, జిడ్డు వరండాలోకి వచ్చి ఫోనెత్తాడు. పెదనాన్న గొంతు కొంచెం తగ్గి ఉంది. మేడం విషయం ఎత్తకుండా ప్రయాణం గురించి అడిగాడు.

"బ్యాలెన్స్ నువ్వే చేశావట కదా. ఇంజన్ బాగా వణికిందా?"

"తెలియదు సార్. మా తమ్ముడు వణకడం ఆపితే గదా, ఇంజన్ సంగతి తెలిసేది."