ఉప్పు తరవాతి చిప్ప

“మా పిల్లని పట్టుకుపోతారండీ. ఆయనకేమన్నా అయితే దాన్నే పట్టుకుపోతారు.”

డిటెక్టివ్ కుర్చీ చూపించకముందే ఆ తల్లి గుమ్మంలోంచే మొదలుపెట్టింది.

ఆవిడ కూతురు ఆల్చిప్పల హోటల్లో రుచి చూసే పని చేస్తుంది. ఏరు సముద్రంలో కలిసే మొగలో పెరిగినవి చప్పగా, చివర్న కాస్త తియ్యగా ఉంటాయి. ఉప్పు సరస్సువి మధ్యరకం. సముద్రపువి నోరు చురుక్కుమనేంత ఉప్పు. ఆ పిల్ల బాగున్నాయంటేనే వడ్డన. నిన్న బాగున్నాయంది. తిన్న యజమాని సాయంత్రానికి ఆసుపత్రిలో పడ్డాడు. అప్పట్నుంచి పిల్ల ఎవరితోనూ ఒక్క మాటా ఆడలేదు.

“ఆ చిప్పలు ఏ నీళ్ళవో తెలిస్తే మందు మారుస్తాడట డాక్టరు. తెలియకపోతే ఆయన తెల్లారేదాకా ఉండడట.”

వెంటనే బయల్దేరారు. వంతెన కింద ఏరు ఎర్రగా పొంగుతోంది. వంతెన కూలుతుందేమోనని తల్లి డిటెక్టివ్ సహాయకుడి చెయ్యి పట్టుకుంది. అతను మాత్రం, ఏటినే చూస్తున్న తన గురువుగారిని చూసి మురిసిపోతున్నాడు.

హోటల్లో వంటమేస్త్రి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. “మూడు పళ్ళేలూ నేనే పెట్టానండి. ఎప్పుడూ చప్పవి ముందు, ఉప్పువి ఆఖర్న. అమ్మాయి కళ్ళు మూసుకుని వరసగా రుచి చూసి ఉమ్మేస్తుంది. గదిలో ఇంకెవరూ ఉండకూడదు. నేను పొయ్యి దగ్గరికెళ్ళిపోయాను.”

చిప్పలు తెచ్చేది ఆ పిల్ల సొంత బాబాయే; వాడూ అక్కడే ఉన్నాడు. “వెనక గుమ్మంలో బుట్టలు దించి వెళ్ళిపోయానండి, లోపలికే రాలేదు. దాని తప్పేముంది పాపం. ఉప్పువి ముందు తగిలాయి, నాలుక మొద్దుబారింది. వదినా, నువ్వు ఊరికే బెంగపెట్టుకోకు.”

పిల్లని వెనకేసుకొచ్చినందుకు తల్లి మరిదికి దణ్ణం పెట్టబోయింది.

“ఆగమ్మా,” అన్నాడు డిటెక్టివ్. అందర్నీ రుచి గదిలోకి పిలిపించాడు. పిల్ల మూల స్టూలు మీద, గోడకేసి చూస్తూ కూర్చుంది.

“మేస్త్రి చప్పవి ముందు పెట్టాడు. గదిలోకి వచ్చింది అమ్మాయి ఒక్కతే. ఆమె నోరు విప్పలేదు. మరి ఉప్పువి ముందు తగిలాయని నీకెవరు చెప్పారయ్యా?”

బాబాయి మొహం పాలిపోయింది.

“మేస్త్రి పొయ్యి దగ్గరికెళ్ళాక లోపలికొచ్చి పళ్ళేలు తిప్పింది నువ్వే. ఏరు ఇలా పొంగితే మొగ దగ్గరికి పడవ వెళ్ళదు. ఎక్కడివో పట్టుకొచ్చి ఏటివని పెట్టావు. చప్పవి ముందు తింటే పిల్ల పట్టేస్తుందని సముద్రపువి ముందుకి జరిపావు.”

“అబ్బ,” అన్నాడు సహాయకుడు. తరవాత సిగ్గుపడి తల దించుకున్నాడు.

“ఎక్కడివి?”

బాబాయి గుమ్మం వైపు చూశాడు. చెబితే జైలని వాడికి తెలుసు.

“చెప్పవయ్యా మరిదీ,” అంది తల్లి. “అక్కడ ఆయన ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు. ఆయన పోతే నా పిల్ల ఇంకెప్పటికీ ఇలాగే ఉండిపోతుంది.”

వాడు నేలకేసి చూశాడు. కుళాయి చుక్కలు వినబడుతున్నాయి. యజమాని ఈపాటికే పోయుంటాడని తల్లికి అనిపించింది.

స్టూలు కిర్రుమంది.

“పాత రేవువి,” అంది పిల్ల. గొంతు బొంగురుపోయి ఉంది. “మురుగు కాలువ కలిసేచోట. ఇనప రుచి. అంత ఉప్పు మీద కూడా తెలిసిందమ్మా నాకు. బాబాయి తెచ్చాడు కదా అని నా నాలుకే చెడిందనుకున్నాను.”