చెయ్యెత్తనివాడు

"ఈత రానివాళ్ళు చెయ్యెత్తండి," అన్నాడు కోచ్, సముద్రం ఒడ్డున కాలేజీ పిల్లలతో.

ముగ్గురు ఎత్తారు. అతను ఎత్తలేదు. ఎత్తితే కోచ్‌తో పాటు పెద్ద పడవలో కూర్చోవాలి. ఎత్తకపోతే కయాక్, ఇద్దరే పట్టే సన్నటి తెడ్డు పడవ. ఆ కయాక్ ముందు సీటులో ఆమె ఉంది.

క్లాసులో ఆమెను అందరూ టీచరమ్మ అంటారు. ఎవరి తప్పునూ వదలదు. రెండు నెలల క్రితం అతని ల్యాబ్ రికార్డులో పదకొండు తప్పులు చూపించింది. ఆ రోజు నుంచి అతనికి సరిగా నిద్ర లేదు. తప్పుల వల్ల కాదు.

"నీకు ఈత వచ్చా, నిజంగా?" అంది ఆమె, వెనక్కి తిరగకుండా.

"వచ్చు."

"ఎవరు నేర్పారు?"

"మామయ్య. చిన్నప్పుడు."

అబద్ధం చిన్నదే. నీళ్ళు చిన్నవి కావు.

ఎదురుగా ఉన్న చిన్న ద్వీపం చివర రాళ్ళ దగ్గర కయాక్‌లు ఆగాయి. కోచ్ మరోసారి చెప్పాడు. "జంటలో ఒకరు దిగితే ఇంకొకరు కయాక్‌లో ఉండి చూస్తుండాలి. తేడా వస్తే దూకాలి. అందుకే ఈత వచ్చినవాళ్ళకే కయాక్ ఇచ్చాను. విజిల్ వినపడితే అందరూ పైకి రావాలి. ఎవరు ఊదినా ఈ రోజు ట్రిప్ అక్కడితో ఆపేస్తాను."

ఆమె ఈత అద్దాలు పెట్టుకుంది. ఊపిరి పీల్చుకునే స్నార్కెల్ గొట్టం నోట్లో పెట్టుకోబోతూ ఆగింది.

"నన్నే చూస్తూ ఉండు. ఇంకెటూ చూడకు."

"నాకు వచ్చిన పని అదొక్కటే."

ఆమె నవ్వి దిగింది. అతనికి నవ్వు రాలేదు.

నారింజ రంగు గొట్టం నీటి మీద కదులుతూ పోయింది. అతను తెడ్డు వదలకుండా దాన్నే చూశాడు. గొట్టం పెద్ద రాయి దాకా వెళ్ళింది. ఒక అల లేచింది. అల పడ్డాక గొట్టం లేదు.

పది లెక్కపెట్టాడు. ఇరవై. పిలిచాడు. మళ్ళీ పిలిచాడు.

లేవబోయాడు. కయాక్ ఊగింది. ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉంది. అది అతన్ని తేలుస్తుంది, ఆమెను వెతికిపెట్టదు. తను దూకితే కోచ్ ఇద్దరినీ లాగాలి. ఆ సంగతి తనొక్కడికే తెలుసు.

జాకెట్‌కున్న విజిల్ ఊదాడు. ఊపిరి అయిపోయేదాకా ఊదాడు.

"దూకు," అని అరిచాడు కోచ్. "నువ్వే దగ్గరున్నావ్."

"నాకు ఈత రాదు సార్."

అందరూ విన్నారు. కోచ్ నీళ్ళలోకి దూకాడు. రెండు బారలు వేశాడో లేదో, రాయి అవతలి నుంచి నారింజ గొట్టం వచ్చింది.

"అక్కడ తాబేలు..." అంటూ తల ఎత్తిన ఆమె, అందరి ముఖాలూ చూసి ఆగిపోయింది.

"ఈ ట్రిప్ కోసం ఆరు నెలలు ఎదురుచూశాం," అన్నారెవరో పక్క కయాక్ నుంచి. "వీడి పుణ్యమా అని గంటలో అయిపోయింది."

ఆమె ఎక్కాక కోచ్ వాళ్ళిద్దరి కయాక్‌ను తాడుతో పెద్ద పడవ వెనక కట్టాడు. సగం దూరం వెళ్ళాక ఆమె అడిగింది.

"నేను నిజంగా మునిగి ఉంటే?"

"చూస్తూ ఉండేవాణ్ణి. అంతకన్నా ఏమీ చేయలేకపోయేవాణ్ణి."

"తెలిసే ఎక్కావు."

"తెలిసే."

"క్షమించమని అడగవా?"

"అడిగితే క్షమిస్తావా?"

"లేదు."

"అందుకే అడగలేదు."

తాడు బిగుసుకుంది, వదులైంది.

"రికార్డులో పదకొండు. ఇది పన్నెండు," అంది ఆమె. "ఇంకేమైనా దాచావా?"

"మామయ్యకూ ఈత రాదు."

ఆమె భుజాలు కదిలాయి. నవ్విందో లేదో వెనక నుంచి తెలియలేదు.

"ఇంకా?"

"నువ్వంటే భయమని అందరికీ చెప్పాను. భయం నిజమే. కానీ అదొక్కటే..."

"ఆగు."

ఆగాడు.

"కాలేజీ పూల్ పొద్దున ఆరింటికి తెరుస్తారు. రేపటి నుంచి రా. నేనే నేర్పుతాను. తిడతాను కూడా."

"మరి ఆ మిగతా మాట?"

ఆమె అప్పుడు వెనక్కి తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఉప్పునీళ్ళకో, మరెందుకో.

"కాలికి నేల అందని చోట చెప్పు," అంది. "ఏమీ పట్టుకోకుండా. అప్పుడు వింటాను."