యక్షుడి జత గిన్నె

పూర్వం సముద్రపుటొడ్డున ముత్యాలరేవు అనే రాజ్యం ఉండేది. దూరదేశపు ఓడలతో కళకళలాడే ఆ రాజ్యానికి ఒకనాడు పెద్ద కష్టం వచ్చిపడింది. కొలువుతీరిన రాజు చిత్రసేనుడు అందరూ చూస్తుండగానే వెండిబొమ్మ అయిపోయాడు!

వెండి అనగానే మంత్రికి కంసాలి సంఘన్న గుర్తొచ్చాడు. "ఇంకెవరు? వాడే ఏదో మంత్రం వేశాడు" అని తేల్చేశాడు. చూశారా తెలివి! ఆ లెక్కన వాన కురిస్తే గొడుగులవాణ్ణి పట్టుకోవాలి. తొమ్మిదోనాటి పొద్దుగూకేలోగా రాజు మామూలు మనిషి కాకపోతే సంఘన్న తల తీయమని మంత్రి ఆజ్ఞ వేశాడు.

సంఘన్నకు ఒక్కతే కూతురు, నాగసిరి. తల్లిలేని పిల్ల. పద్నాలుగేళ్ళకే సుత్తిపనిలో తండ్రికి దీటైనది. ఆమె ఏడుస్తూ చెరసాలకు పరుగెత్తింది.

"నాన్నా, రాజుగారికి నువ్వేం చేసిచ్చావు?"

"గిన్నె తల్లీ. రాజుగారు చీకటికోనకు వేటకెళ్ళి రోమాపురి వెండి గిన్నె ఒకటి తెచ్చారు. దానిమీద ద్రాక్షతీగలు, కొంగలు... అబ్బ, ఏం పనితనమే! అచ్చం అలాంటిదే చేయమన్నారు, ఎవరికీ చెప్పొద్దన్నారు. నేను చేసిన గిన్నె పట్టుకుని మళ్ళీ కోనకే వెళ్ళొచ్చారు."

నాగసిరికి అంతా అర్థమైంది. రాజు ఎవరిదో గిన్నె ఎత్తుకొచ్చి, దాని చోట నకలు పెట్టి వచ్చాడు! ఆమె రాణికి సంగతి చెప్పింది. రాణి భర్త పెట్టె వెతికి, అసలు గిన్నెను ఆమె చేతిలో పెట్టి, "నా పసుపుకుంకుమలు నీ చేతిలో ఉన్నాయమ్మా" అని కన్నీళ్ళు పెట్టుకుంది.

గిన్నెను సొంతదారుకు అప్పజెప్పడానికి నాగసిరి చీకటికోనకు బయలుదేరింది. రెండోనాడు ఆమెకు ఏరు అడ్డమొచ్చింది. అందులో కొండంత మొసలి నోరు తెరిచి, "ఆ గిన్నె ఇస్తేనే దాటిస్తా" అంది.

"ఇది నాది కాదు మామా. నావి ఇవిగో" అంటూ ఆమె తండ్రి చేసిన కాలి పట్టీలు విప్పి ఇచ్చింది. మొసలి వాటిని ముంగాళ్ళకు తొడుక్కుని మురిసిపోతూ ఆమెను దాటించింది.

మూడోనాడు ఒక రక్కసి దారి కాచింది. "గిన్నె నాకిచ్చెయ్యి. మీ నాన్నను ఇప్పుడే చెర విడిపిస్తాను" అంది. నాన్న వస్తాడంటే ఏ పిల్లకు ఆశ పుట్టదు? అయినా నాగసిరి తల అడ్డంగా ఊపింది.

"పరాయి సొమ్ముతో నాన్నను విడిపించుకుంటే, నాన్న నా మొహం చూడడు అక్కా. నీ వెండి కడియాలు నల్లబడ్డాయే! ఇటివ్వు, తళతళలాడిస్తాను."

పక్కనున్న కుంకుడుచెట్టు కాయలు నలిపి, ఆ నురగతో తోమి ఇచ్చింది. కడియాల్లో తన మొహం చూసుకుని రక్కసి సిగ్గుపడింది. "పోవే పిల్లా, నిన్ను తినాలనిపించడం లేదు" అంటూ దారి వదిలింది.

ఐదోనాడు చీకటికోనలో యక్షుడు కనిపించాడు. పండు ముసలి. "మళ్ళీ నకలు తెచ్చావా?" అని కొండలదిరేలా గర్జించాడు.

"కాదు తాతా, అసలుదే. మా నాన్న చేసింది నకలని ఎలా పట్టావు?"

యక్షుడు ఆ నకలు చూపించాడు. తీగలు, కొంగలు అచ్చుగుద్దినట్టున్నాయి. అంచుకు మాత్రం, ధార పడడానికి, చిన్న ముక్కు ఉంది. నాగసిరి నాలుక కరుచుకుంది.

"మా ఊళ్ళో గిన్నెకు పెదవి తగలనివ్వం తాతా. ఎత్తి పోసుకుంటాం. ఎంగిలి కదా! నాన్న చెయ్యి అలవాటుగా పెట్టేసింది."

"మార్కుసూ నేనూ పెదవి ఆన్చే తాగేవాళ్ళం" అన్నాడు యక్షుడు, గొంతు తగ్గించి. "వాడు రోమాపురి నావికుడు. అక్కడ ఇలాంటివి జతలుగా చేస్తారట. వాడి గిన్నె నేను, నా గిన్నె వాడు మార్చుకునేవాళ్ళం. ఒకటి నాకిచ్చి, ఒకటి తీసుకుని ఓడెక్కాడు. మళ్ళీ వస్తానన్నాడు. రెండువందల ఏళ్ళయింది. మనుషులకు అంత ఆయుష్షు ఉండదని నాకెవరూ చెప్పలేదమ్మా."

ఆయన నాగసిరి తెచ్చిన గిన్నెలో తేనెనీళ్ళు పోసి, ఒక గుక్క తాగి, ఆమెకు చాచాడు. "నా ఎంగిలి తాగగలవా?"

"ఎంగిలి పరాయివాళ్ళది తాతా. నీకూ నాకూ ఏమిటి?" అంటూ నాగసిరి గటగటా తాగేసింది.

యక్షుడి కళ్ళు చెమ్మగిల్లాయి. "ఇదీ నకలేనే పిచ్చిపిల్లా! గ్రీకుల పాత గిన్నెలు చూసి రోమాపురివాళ్ళు చేసింది. నకలు చేయడం తప్పుకాదు, దాన్ని అసలని నమ్మించబోవడం తప్పు. అందుకే మీ రాజును వెండిబొమ్మను చేశాను. ఇప్పుడు నోరు మాత్రం విడిపిస్తున్నాను. నలుగురిలో తప్పు ఒప్పుకుంటేనే మనిషవుతాడు. పరుగెత్తు!"

తిరుగుదారిలో రక్కసి ఆమెను రెండామడలు భుజాన మోసింది. అయినా తొమ్మిదోనాటి పొద్దు వాలనే వాలింది. నాగసిరి సభలోకి వచ్చేసరికి సంఘన్నను మోకాళ్ళమీద కూర్చోబెట్టారు.

"ప్రభూ! మీకు నోరొచ్చింది. నిజం చెప్పి మా నాన్నను బతికించండి!"

వెండి పెదవులు కదిలాయి, ఆగాయి. నిండుసభలో దొంగనని చెప్పుకోవడం రాజుకు తేలికా మరి! తలారి కత్తి ఎత్తాడు.

"ఆపండి!" అని రాజు అరిచాడు. "దొంగను నేనే. గిన్నె ఎత్తుకొచ్చింది నేనే. సంఘన్నకు ఏ పాపమూ తెలియదు."

ఆ మాటతో వెండి కరిగి రాజు మనిషయ్యాడు. సింహాసనం దిగివచ్చి, సంఘన్న కట్లు తన చేతులతో విప్పాడు. "ఏం కావాలో కోరుకో. అర్ధరాజ్యమైనా ఇస్తాను" అన్నాడు.

సంఘన్న కూతురి పగిలిన పాదాలు చూశాడు. "అర్ధరాజ్యం నేనేం చేసుకుంటాను ప్రభూ? ఈ పిల్ల తొమ్మిదిరోజులుగా అన్నం మొహం చూడలేదు. మమ్మల్ని ఇంటికి పోనివ్వండి, పొయ్యి రాజేయాలి."

రాణి వాళ్ళను తన పల్లకిలో పంపింది. ఆ పూట కంగారులో సంఘన్న వండిన పప్పు అడుగంటింది. నాగసిరి దాన్నే మూడుసార్లు మారు వడ్డించుకుని తింది.