ట్రాలీకి కట్టిన గొంతు

ఆత్మారాంకు ఒకచోట కూర్చోవడం తెలియదు. బోధన్‌లో రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణం ఉందన్న మాటే గానీ, గిరాకీ వచ్చేసరికి మనిషి నిజామాబాద్ బస్సెక్కి ఉండేవాడు. అక్కడ కొత్తగా తెరిచిన ఇంటర్నెట్ సెంటర్లో, పేజీ సగం రాకముందే కాలు ఊపుకుంటూ, వాటంతట అవే పార్కింగ్ చేసుకునే జపాన్ కార్ల బొమ్మలు చూసేవాడు. మన ట్రాక్టర్లకు ఆ తెలివి ఎప్పుడొస్తుందా అని ఆయనగారి బెంగ. నిద్రలో కూడా వైర్లు కలిపే రకం.

ఆ ఏడు చెరకు నరుకుడు మొదలుకాగానే అతని బావ నర్సన్నకు కష్టం వచ్చిపడింది. నర్సన్న ట్రాక్టర్ వెనక్కి నడిపితే, ట్రాలీ వెనక నిలబడి “రానీ... రానీ...” అని పిలుస్తూ, చాలనుకున్న చోట “బస్!” అని ఆపే చిన్నయ్య పాము కరిచి పోయాడు. ఇన్నేళ్లలో నర్సన్న ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూసింది లేదు. ఆ గొంతు మీద అంత నమ్మకం. ఇప్పుడు వేరేవాళ్లు పిలిస్తే బండిని వెనక్కి కదిలించలేకపోతున్నాడు.

ఆత్మారాంకు మాత్రం పండగే. సరదాకి ఎప్పుడో టేపులో పట్టిన చిన్నయ్య గొంతు అతని దగ్గరుంది. దాన్ని ఒక చిప్పులోకి ఎక్కించి, రివర్స్ గేరు పడగానే మోగేలా ట్రాలీ వెనక స్పీకరు బిగించాడు. ‘రానీ’ ఒక్కటే ఉంచాడు. ఎక్కడ ఆగాలో చిప్పుకు కనబడదు కదా అని ‘బస్’ తీసేశాడు.

అక్క గంగమణికి అది నచ్చలేదు. “సచ్చినోని గొంతు బండికి కట్టుడేంది తమ్మీ? మీ బావ ఆ గొంతెంబడి ఏడికైనా పోతడు.”

“నేను పక్కపొంటే ఉంట అక్కా. బస్ నేనంట. బావకేం గాదు, నాది పూచీ.”



ఆ సాయంత్రమే బండి కాలువ గట్టెక్కింది. పొద్దు గూకుతోంది. చెరకు ఆకు కాల్చిన పొగ నేలను వదలడం లేదు. చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి పులిసిన మడ్డి వాసన గాలితో వస్తూ పోతూ ఉంది. కూలీలు పొద్దున వచ్చేసరికి ఖాళీ ట్రాలీ మడిలో ఉండాలి. గట్టు మీద మలిపే జాగ లేదు, వెనక్కి నడిపి దించాల్సిందే. ఒక పక్క మడి, ఒక పక్క నిండుగా పారే, ఏటా పిల్లో పెద్దో ఎవరో ఒకరు మునిగిపోయే కాలువ.

గేరు పడింది.

“రానీ... రానీ...”

ఆత్మారాం చప్పట్లు కొట్టినంత పని చేశాడు. ట్రాలీ మెల్లగా వెనక్కి వచ్చి, మడిలోకి దిగే చోటుకు చేరింది.

“బస్ బావా!”

బండి ఆగలేదు. దిగాల్సిన చోటు దాటింది. ట్రాలీ కాలువ వైపు మళ్లుతోంది.

“బావా! బస్, బస్!”

ఇంజను చప్పుడులో వినబడలేదేమో... ఆత్మారాం ఉరికి, స్పీకరు వైరు పట్టి గుంజాడు. తెగి చేతిలోకొచ్చింది. హమ్మయ్య అనుకున్నాడు.

“రానీ...”

టేపులో ఉండే గరగర ఇందులో లేదు. గొంతు ట్రాలీ అవతల నుంచి వస్తోంది. అక్కడ గట్టు లేదు... నీళ్లే.

“రానీ... రానీ...”

ట్రాలీ కూలితే ట్రాక్టర్ను, మనిషిని కూడా లాక్కుపోతుంది. అక్కకు ఏం ముఖం చూపించాలి? ఆత్మారాం మడ్‌గార్డు మీదికి ఎగబాకాడు. నర్సన్న నిశ్చింతగా ముందుకే చూస్తున్నాడు. చిన్నగా నవ్వుతున్నాడు కూడా. ఇంజను ఆపే కడ్డీని ఆత్మారాం రెండు చేతులతో గుంజాడు.

ఇంజను ఆగింది. ట్రాలీ చక్రం ఒకటి నీళ్లపైన గాలిలో తిరిగి తిరిగి నిలబడింది.

“ఎందుకు బందు చేసినవ్ బామ్మర్దీ?” నర్సన్న గుసగుసగా అడిగాడు. “ఇంకా జాగ ఉందంటున్నడు గద...”

“ఎవరు బావా?”

బావను చిన్నపిల్లవాడిలా చెయ్యి పట్టి కిందికి దించాడు ఆత్మారాం. టార్చి తీసి ట్రాలీలోకి వెలుతురు కొట్టాడు.

వెనక తలుపు లోపలివైపు పచ్చి బురద. నీళ్ల వైపు నుంచి తలుపు మీదుగా వేళ్లు లోపలికి వేసి, పట్టి లాగిన చారలు... ఒక్క మనిషివే అయితే, చిన్నయ్యవి అనుకొని దండం పెట్టుకునేవాడు. తలుపు ఈ చివర నుంచి ఆ చివర దాకా వేళ్ల అచ్చులే ఉన్నాయి. కొన్ని చాలా చిన్నవి.