మీ పచ్చ, మా పచ్చ

జెద్దాలో వరద వచ్చి కార్లు కాగితప్పడవల్లా కొట్టుకుపోయిన ఏడు అది. వాన పడింది జెద్దాలో, వణికింది మాత్రం రియాద్‌లోని బతా బజారు. పాత కంప్యూటర్లు అమ్మే ఏ కొట్టుకు పోయినా కొనేవాడి మొదటి ప్రశ్న ఒకటే: "జెద్దా మాలా?" వరదలో మునిగి తేలిన సరుకేమోనని భయం.

లాల్ అహ్మద్ కొట్టులో ఆ ప్రశ్నకు జవాబు చెప్పేవాడు నాగేందర్. జగిత్యాల దిక్కు మనిషి, ముప్పై దగ్గర పడుతున్న బ్రహ్మచారి, మాటలు తక్కువ. మనుషుల సంగతి అంతంతమాత్రం గాని మానిటర్ల సంగతి బాగా తెలుసు. ఇంటర్నెట్‌లో ఒక పేజీ ఉంది. అది తెరిచి నొక్కినప్పుడల్లా తెర నిండా ఒక్కో రంగు పరుచుకుంటుంది. వెలగకుండా చచ్చిన చుక్క ఎక్కడుంటే అక్కడ దొరికిపోతుంది. ఇంకో పేజీలో కీబోర్డు బొమ్మ. చేతికింద మీట నొక్కితే బొమ్మలో అదే మీట వెలుగుతుంది. ఈ పేజీలు పెట్టుకుని ఏ వస్తువునైనా అయిదు నిమిషాల్లో మంచిదో కాదో తేల్చేవాడు. మనిషి తనను తాను పరీక్ష చేసుకునే పేజీ ఇంకా రాలేదు.

మనవాళ్ళ పిల్లలు చదివే ఒక బడికి, ఆడపిల్లల విభాగానికి, పద్దెనిమిది మానిటర్లు, వాటికి కీబోర్డులు అమ్మారు. సెలవు రోజున పోయి నాగేందరే బిగించి వచ్చాడు. శనివారం బడి తెరిచారు. బడి నడిచే వేళ ఆ గేటు లోపలికి మగపురుగు పోకూడదు. అందుకని అక్కడినుంచి ఫోను వచ్చింది.

"హలో, యే మానిటర్ జెద్దా సే తైర్‌కే ఆయా క్యా?" అంది ఒక ఆడగొంతు, ఇది జెద్దా నుంచి ఈదుకుంటూ వచ్చిందా అని హిందీలో.

నాగేందర్ రిసీవరు పక్కకు తిప్పి, "పొద్దుగాల్నే ఎవతో మోపైంది" అని గొణిగాడు. పక్కకు తిప్పితే మాట పోదనుకున్నాడు.

"మోపవ్వడం అంటే ఏవిటండీ?" అంది ఆ గొంతు, తెలుగులో.

నాగేందర్ రిసీవరు మళ్ళీ నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "మంచి మాటే మేడం."

"అలాగా! నా పేరు హాసిని, కంప్యూటర్ టీచర్ని. సరుకు బాగుందని నేను సంతకం పెట్టాలి. ఏడో నెంబరు చూస్తే పెట్టబుద్ధి కావట్లేదు."

నాగేందర్ పేజీ పేరు ఒక్కో అక్షరం చెప్పి తెరిపించాడు. "తెల్ల రంగు పెట్టుండ్రి. ఎట్లున్నది?"

"పచ్చగా ఉందండి."

హమ్మయ్య అనుకున్నాడు. "గంతేనా? పాత మాల్ గద మేడం, వయసైతే పచ్చబడ్తది. పనికి ఢోకా లేదు."

"ఆ వెలుగులో పిల్లలు దెయ్యాల్లా ఉన్నారండీ!"

"నాలుగు దినాలల్ల అలవాటైతది."

"పిల్లలకా, దెయ్యాలకా?" అని ఠపీమని పెట్టేసింది.

మర్నాడు మళ్ళీ ఆమే. "ప్రిన్సిపాల్ గారికి రాసేస్తున్నాను. పద్దెనిమిదీ వెనక్కి."

"పచ్చ పెద్ద రోగం కాదు మేడం."

"తెల్లటి తెర తోటకూర రంగులో ఉంటే రోగం కాదా?"

"తోటకూరనా?"

"తోటకూర నచ్చకపోతే గోంగూర అనుకోండి."

"మేడం, ఆకుల రంగా?"

"మరి పచ్చంటే ఏ రంగనుకున్నారు?"

"పసుపు."

"పచ్చంటే పసుపేంటండీ బాబూ!"

"మా దిక్కు పచ్చంటే పసుపే. ఆకులది ఆకుపచ్చ."

"చిలకది?"

"చిలుకపచ్చ."

"అయితే మీ ఊళ్ళో పొలం పచ్చగా ఉందంటే ఏవిటి అర్థం?"

నాగేందర్ ఆలోచించాడు. "కోతకొచ్చిందని."

అప్పుడు నవ్వింది హాసిని. కాకినాడలో పుట్టి రియాద్‌లో పెరిగిన నవ్వు. ఆ నవ్వు విన్నాక నాగేందర్ నోట్లో ఒక మాట పుట్టింది. పుట్టి, బయటికి రాకుండా అక్కడే కాపురం పెట్టింది.

"వెనక వైరు కొస జారి ఉంటది. గట్టిగ ఒత్తి రెండు దిక్కుల మరలు తిప్పుండ్రి" అన్నాడు పైకి.

తెర తెల్లబడింది. ఆ నెలలో బతా మెస్సుల్లో తెలుగువాళ్ళు టీవీ ముందు అటొక బల్ల, ఇటొక బల్లగా విడిపోయి తింటున్నారు. ప్రత్యేక రాష్ట్రం సంగతి తేలలేదు గాని, ఒక రంగు విషయంలో మాత్రం ఇద్దరు రాజీ పడ్డారు.

ఆ తర్వాత రోజూ ఇంటర్వెల్‌కు ఫోను వచ్చేది.

"తొమ్మిదో నెంబరులో నల్లచుక్క ఉందండి."

"తుడిచి చూడుండ్రి."

"ఎగిరిపోయింది. ఈగ."

మరోరోజు, "పదకొండో నెంబరు కీబోర్డులో ఒక మీట వెలగట్లేదు."

"ఏ మీట?"

"ఎస్కేప్."

"దాంతోని మీకేం పని మేడం?"

"ఉందండి" అంది హాసిని. గొంతులో నవ్వు లేదు. "మా నాన్నగారు సంబంధం చూశారు. హేమసుందర్ అని, ఖఫ్జీలో ఆయిల్ ఇంజినీరు. గురువారం సెలవు కదా, వాళ్ళు భోజనానికి వస్తున్నారు. నచ్చితే తాంబూలాలే."

నోట్లో ఉన్న మాట పళ్ళదాకా వచ్చింది. బయటపడింది మాత్రం వేరొకటి. "మంచిది మేడం. ఖఫ్జీల సముద్రం ఉంటది."

"మీకు చాలా తెలుసండీ" అని పెట్టేసింది.

మూడు రోజులు ఫోను మోగలేదు. నాగేందర్ ఒకే మానిటర్‌ను నాలుగుసార్లు పరీక్ష చేశాడు. ఎరుపు, నీలం, తెలుపు, మళ్ళీ ఎరుపు. పెషావర్ మనిషి లాల్ అహ్మద్ గడ్డం గోక్కుంటూ చూసి, "మానిటర్ ఠీక్ హై, యారా. తూ ఖరాబ్ హై" అన్నాడు.

బుధవారం మోగింది.

"పద్దెనిమిదీ అయ్యాయి. సంతకం పెట్టేస్తున్నాను" అంది హాసిని. "ఇక మీకు ఫోన్ చేసే పని లేదు."

నాగేందర్ వైరును వేలికి చుట్టుకున్నాడు. విప్పాడు. "మైకులు చూసిండ్రా?"

"మైకులు మీరు అమ్మలేదండీ."

"అయినా చూడుండ్రి. ఉట్టిగనే."

మైకుకూ ఒక పేజీ ఉంది. మాట్లాడితే తెరమీద గీత లేస్తుంది. హాసిని తెరిచింది. "నాకు లేస్తోంది. మీరు మాట్లాడండి, ఫోను మైకుకు ఆనించి పెడుతున్నాను."

"మీరు ఖఫ్జీకి పోవద్దు" అన్నాడు, కొట్లో నలుగురు గిరాకీలు ఉన్నారు కాబట్టి మెల్లగా.

"గీత కదల్లేదండీ."

"ఖఫ్జీకి పోవద్దు."

"కొంచెం కదిలింది. మాటే తెలియలేదు."

నాగేందర్ కళ్ళు మూసుకున్నాడు. "ఖఫ్జీకి పోవద్దు! నన్ను చేసుకోండ్రి! నాకు మీరే కావాలె!"

లాల్ అహ్మద్ చేతిలో చాయ్ ఒలికింది. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా నలుగురు గిరాకీలనూ "బాద్ మే, బాద్ మే" అంటూ బయటికి నడిపించాడు.

అవతల ఇద్దరు నవ్వుతున్నారు.

"ఇంకెవరున్నరు మేడం?"

"సాబేరా టీచరు. సాక్షి లేకపోతే రేపు మీరు కాదంటారని పిలిచాను" అంది హాసిని. అంతలో ఆమె గొంతు సన్నబడింది. "గీత పైదాకా వెళ్ళిందండీ. కాని నేను ఒప్పుకుంటే చాలదు. ఈ మాట మా నాన్నగారి ముందు అనాలి. అక్కడ ఫోను ఉండదు, ఎదురుగా మొహం ఉంటుంది."

"అంటే మీరు ఒప్పుకున్నట్టేనా?"

"ఖఫ్జీ వాళ్ళ కారు పన్నెండింటికి వస్తుంది" అంది. ఇంటి గుర్తులు చెప్పి పెట్టేసింది.

తెల్లారి నాగేందర్ గడ్డం గీయించుకుని, లాల్ అహ్మద్ బలవంతాన పూసిన అత్తరుతో, తొమ్మిదింటికి హాసిని తండ్రి సీతారామయ్య గారి తలుపు కొట్టాడు. ఆయనే తీశారు.

"నాగేందర్ అంటరు సార్, లాల్ అహ్మద్ షాపు నుంచి."

"ఓహో, అమ్మాయి చెప్పిన మానిటర్లాయనవా! దేవుడిలా వచ్చావయ్యా. మా కంప్యూటర్ రెండురోజులుగా లేవట్లేదు. వచ్చేవాళ్ళకి అమ్మాయి ఫొటోలు చూపిద్దామంటే అన్నీ అందులోనే చచ్చాయి. కామేశ్వరీ, స్క్రూడ్రైవరు తే!"

హాసిని తల్లి కామేశ్వరి గారు తెచ్చి చేతిలో పెట్టారు. వంటింటి గుమ్మంలో ఒక చున్నీ అంచు కదిలింది. అతను హాసినిని చూడటం అదే మొదటిసారి, అదీ అంచు మాత్రమే.

అరగంట పని. తలొంచుకుని చేసేసి, కాఫీ తాగి, దండం పెట్టి వెళ్ళిపోవచ్చు. అయిదేళ్ళుగా బతాలో అతను బతికిన బతుకు అదే.

నాగేందర్ స్క్రూడ్రైవరు బల్లమీద పెట్టాడు.

"బాగుచేయనీకి రాలేదు సార్. మీ హాసినిని నాకియ్యమని అడగనీకి వచ్చిన" అని, ఎవరూ కూర్చోమనకముందే సీతారామయ్య గారి ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు.